విరామానికి తేదీ ఉండాలి

2020 మార్చి ఆఖరు వారంలో, బెంగళూరు మారతహళ్లి రోడ్లు బోసిపోయిన కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో, మన సంఘం పెద్దలొకరు ఫోనులో "మనుషులు గడప దాటలేని కాలంలో ఇంక యుద్ధాలేం చేస్తారండీ" అన్నారు. ఆ వారంలోనే, మార్చి 23న, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ ప్రపంచమంతటా కాల్పులు ఆపమని పిలుపునిచ్చారు. ఆ మాటలు నమ్మినవారిలో నేనూ ఉన్నాను.

కానీ కొలంబియాలో ఇ.ఎల్.ఎన్. గెరిల్లాలు ఏప్రిల్ ఒక్క నెల తుపాకులు దించి, మళ్లీ ఎత్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు తీర్మానంలో ఉండాలా వద్దా అని అమెరికా, చైనా పంతానికి పోవడంతో, 90 రోజుల విరామం కోరే 2532వ తీర్మానం భద్రతామండలిలో జులై 1కి గాని గట్టెక్కలేదు. ఈలోగా జూన్ 15న గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది మన సైనికులు నేలకొరిగారు.

అంటువ్యాధి పోరును ఆపకపోగా, వైద్యాన్నే పోరులోకి లాగగలదు. ఇందుకు కాంగోలోని ఉత్తర కివూను చూడాలి. 2018 నుంచి 2020 వరకు ఎబోలా పొరుగు రాష్ట్రాలతో కలిపి 2,287 మందిని బలిగొన్న ఆ ప్రాంతంలో, 2018 డిసెంబరులో ఎన్నికల సంఘం ఎబోలాను, అభద్రతను కారణంగా చూపి బెని, బుటెంబోలలో అధ్యక్ష ఎన్నిక పోలింగును వాయిదా వేసింది. సంతలూ చర్చిలూ తెరిచే ఉన్నప్పుడు ఓటుకు మాత్రమే అడ్డొచ్చిన జబ్బు ఏ రకం జబ్బని అక్కడివారికి అనుమానం కలగడంలో వింతేముంది? బెనిలో నిరసనకారులు ఎబోలా కేంద్రం మీద పడ్డారు, ఫిబ్రవరిలో కట్వా, బుటెంబో చికిత్సా కేంద్రాలపై దాడులు జరిగాయి, ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యుడొకరిని కాల్చి చంపారు. వ్యాధి నివారణ ఒక పక్షం పనిగా కనబడ్డాక టీకా పెట్టె కూడా శత్రువు సామానే అవుతుంది.

అందుకే "వ్యాధి పోయేదాకా యుద్ధం వద్దు" అనే పెద్ద పిలుపులకన్నా, పనీ చోటూ తేదీలూ ముందే తేల్చుకున్న చిన్న ఒప్పందాలే నాకు మేలనిపిస్తాయి. 1985లో ఎల్ సాల్వడోర్‌లో పిల్లల టీకాల కోసం యుద్ధాన్ని కొన్ని రోజులు నిలిపారు. 1995లో సూడాన్‌లో నారికురుపు నివారణకు జిమ్మీ కార్టర్ కుదిర్చిన విరామం దాదాపు ఆరు నెలలు సాగింది. ఏ పక్షమూ గెలుపును వదులుకోనక్కరలేదు గనుకనే అవి కుదిరాయని నా అభిప్రాయం.

ఇవి యుద్ధాన్ని ఆపవు కదా అంటే, ఆపవు. గాజాలో 25 ఏళ్ల తరువాత పోలియో తిరిగొచ్చి ఒక పసివాడి కాలు చచ్చుబడ్డాక, 2024 సెప్టెంబరులో ప్రాంతాలవారీగా, రోజుకు కొన్ని గంటల చొప్పున కాల్పులు ఆపి, ఐదున్నర లక్షల మందికి పైగా పిల్లలకు చుక్కలు వేశారు. రెండో విడతకు అక్టోబరులో ఆ బేరమంతా మళ్లీ ఆడవలసి వచ్చింది. ఉత్తర గాజాలో బాంబుదాడుల మూలంగా ఆ చుక్కలు నవంబరు 2 దాకా వాయిదా పడ్డాయి.