సవరణ: ప్లీడరు గారి పడవ, న్యాయ సహాయం

అమలాపురం ప్లీడరు గారి స్మృతిలో పెట్టిన పోస్టులో, 1986 గోదావరి వరదలప్పటికే ఆయన పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించే మండల న్యాయసేవల కమిటీలో ఉన్నట్టు వచ్చింది. అది కుదరదు. ఆ కమిటీలకు ఆధారమైన చట్టం 1987 నాటిది, అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. అంతకుముందు లంకల్లో, అంటే నది మధ్య దీవుల్లో, సాగు చేసే రైతులకు ఆయన చేసిందంతా సొంతంగానే. కోతకు గురై ఏట్లో కలిసిపోయిన పొలానికీ శిస్తు కట్టమన్నారని కాగితం పట్టుకొచ్చిన వాళ్ల దగ్గర స్టాంపు డబ్బులు కూడా పుచ్చుకోలేదు.

ఆయన తెడ్డు వేసింది, పోస్టులో వచ్చినట్టు గోదావరి గౌతమి పాయలో కాదు, వైనతేయలో. గోదావరి మరో పాయ వశిష్ఠ నుంచి చీలి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసే పాయ అది. ఆదివారాలు బోడసకుర్రు వైపు నుంచి చిన్న నావ వేసుకుని ఆటు మీద దిగువకు వెళ్లి, పోటు మీద తిరిగొచ్చేవారు. వినడానికి సులువే. ఈశాన్యపు గాలి ఎదురైతే పోటున్నా చేతులు పడిపోతాయి. మోటారు పెట్టించుకోమంటే, “ఇంక నేనెందుకయ్యా?” అనేవారు.

పడవ పోటీల్లో గెలిచారన్న వాక్యం తీసేశాం. ఆయన పందేలు కోర్టులోనే.

వరద ఫొటోలో తెడ్డు పట్టుకున్నది ఆయన గుమాస్తా. ప్లీడరు గారు వెనక, బియ్యం బస్తాల పక్కన ఉన్నారు.