ఆగే తేదీ చెప్పండి, అప్పుడు చూద్దాం

అట్లాంటిక్ మహాసముద్రంలో ఏమాక్ (AMOC) అనే ఒక పెద్ద ప్రవాహం నీరసపడుతోందని, ఏదో ఒకనాడు ఆగినా ఆగుతుందని శాస్త్రవేత్తలు చాలాకాలంగా గోల పెడుతున్నారు. పెట్టనివ్వండి. నా అభ్యంతరం ఒక్కటే, తేదీ చెప్పరు. మనం ఘడియలతో సహా ముహూర్తం పెట్టించుకోనిదే కొత్తింట్లో పాలు కూడా పొంగించం. సెకనుకు సుమారు 1 కోటి 70 లక్షల ఘనపు మీటర్ల నీటిని మోసే ప్రవాహం ఎప్పుడు ఆగుతుందంటే మాత్రం ‘కచ్చితంగా చెప్పలేం’ అంటారు. ఇలాగైతే జనం సీరియస్‌గా ఎలా తీసుకుంటారు?

2023లో డెన్మార్క్‌కు చెందిన ఇద్దరు శాస్త్రవేత్త తోబుట్టువులు, పీటర్, సుసానె డిట్లెవ్‌సెన్, సాహసించి ముహూర్తం పెట్టారు. 2025కూ 2095కూ మధ్య ఎప్పుడైనా కావచ్చట. అంతకుముందే, 2021లో, ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం ఐపీసీసీ పెద్దలు ఇంకోలా చెప్పారు. ఈ శతాబ్దంలో ప్రవాహం బలహీనపడటానికి అవకాశం చాలా ఎక్కువ, కానీ 2100 లోపు హఠాత్తుగా కుప్పకూలదని తమకు ఓ మోస్తరు నమ్మకం ఉంది అన్నారు. పంచాంగాలు పడకపోతే మనం పండగ రెండు రోజులు చేసుకుంటాం. ప్రపంచ నాయకులు మనకంటే తెలివైనవాళ్లు. పండగే లేదని తేల్చేశారు.

ఇంతకీ ఆ ప్రవాహం చేసే పనేమిటో చెప్పాలి కదా. ఉష్ణమండలంలో వేడెక్కిన ఉప్పునీరు పైపైన ఉత్తరానికి వెళ్తుంది. గ్రీన్‌లాండ్, నార్వేల దగ్గర ఆ వేడిని గాలికి ధారపోసి చల్లబడుతుంది. చల్లని ఉప్పునీరు బరువెక్కువ కాబట్టి కిలోమీటర్ల లోతుకు మునిగి, అడుగునుంచి దక్షిణానికి తిరుగుప్రయాణం కడుతుంది. నార్వేలోని ట్రోమ్సో ఊరు 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నా అక్కడి రేవు చలికాలంలో గడ్డకట్టకపోవడానికి ఉత్తరానికి వచ్చే ఈ వేడినీరే కారణం.

గ్రీన్‌లాండ్ ఏటా సగటున 27 వేల కోట్ల టన్నుల మంచును పోగొట్టుకుంటోంది. కరిగి వచ్చేది మంచినీరు, తేలిక. అది ఉప్పునీటిమీద పరుచుకుని, ఎంత చల్లబడినా మునగనంటుంది. పైనీరు మునగకపోతే వెనకనుంచి వచ్చే వేడినీరు తగ్గుతుంది. దాంతోపాటు వచ్చే ఉప్పూ తగ్గుతుంది. ఉప్పు తగ్గితే మునగడం మరింత తగ్గుతుంది. ఇలాంటి ప్రవాహానికి రెండు స్థిరమైన స్థితులు ఉండొచ్చని, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఒక్కసారిగా దూకేయగలదని 1961లోనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టోమెల్ సముద్రాన్ని రెండు పెట్టెలుగా ఊహించుకుని లెక్క వేసి చూపించాడు. అరవై ఏళ్లు దాటినా మన సమాధానం మారలేదు. ఇంకా అధ్యయనం కావాలి. ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆ అధ్యయనానికి డబ్బు ఇవ్వకూడదన్నది నా రెండో అభిప్రాయం. అమెరికా ప్రభుత్వం కూడా 2026 బడ్జెట్ ప్రతిపాదనలో తన సముద్ర, వాతావరణ సంస్థ పరిశోధన విభాగాన్నే ఎత్తేస్తానంది కాబట్టి నేను ఒంటరిని కాను.

ఆ మాటకొస్తే పెద్దలు వినకపోవడానికి ఘనమైన చరిత్రే ఉంది. అమెరికా తూర్పు తీరం నుంచి యూరప్ వైపు సాగే వేడినీటి ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్ ఈ వ్యవస్థలో భాగమే. 1760ల చివర్లో ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్ వెళ్లే తపాలా ఓడలు మామూలు సరుకు ఓడలకంటే రెండు వారాలు ఆలస్యంగా ఎందుకు చేరుతున్నాయని తపాలా అధికారి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు అనుమానం వచ్చింది. ఆయన చుట్టం తిమోతి ఫోల్జర్ ఓడ నడిపినవాడు, తిమింగలాల వేటగాళ్ల ఊరివాడు. తపాలా ఓడలవాళ్లు ప్రవాహానికి ఎదురు వెళ్తున్నారని, తప్పుకోమని మావాళ్లు చెప్పినా చేపలు పట్టేవాళ్ల మాట వినడానికి వాళ్లకు నామోషీ అని ఫోల్జర్ చెప్పాడు. ఫ్రాంక్లిన్ పటం గీయించి అచ్చువేయించాడు. బ్రిటిష్ కెప్టెన్లు దాన్ని పట్టించుకోకుండా నిబ్బరంగా ఎదురు వెళ్తూనే ఉన్నారు. అదీ పట్టుదలంటే!

మంచు కరగడంలో మంచి చూసే కళ్లు కూడా కావాలి. 2019 మే నెలలో ఫిన్‌లాండ్‌లోని రోవానియెమిలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి మైక్ పాంపియో, సముద్రపు మంచు తగ్గుతుండటంతో కొత్త దారులు, కొత్త వ్యాపార అవకాశాలు తెరుచుకుంటున్నాయన్నారు. తర్వాత ఒక కంపెనీ గ్రీన్‌లాండ్ మంచుగడ్డలను ఓడకెక్కించి దుబాయ్ బార్లకు పంపడం మొదలుపెట్టింది. వేల ఏళ్లనాటి ఐస్, గ్లాసులో వేసుకోవడానికి. అందరూ నవ్వారు గానీ నేను లెక్క వేశాను. దుబాయ్ గ్లాసులోకి పోయిన మంచు అట్లాంటిక్ ఉప్పును పలచన చేయదు కదా! 27 వేల కోట్ల టన్నులనూ ఇలాగే తరలిస్తే సమస్య తీరిపోతుంది. అంతమంది తాగేవాళ్లను కూడగట్టడమే కాస్త కష్టం.

భూగోళమంతా వేడెక్కుతుంటే గ్రీన్‌లాండ్‌కు దక్షిణాన కొంత సముద్రం మాత్రం గత వందేళ్లలో చల్లబడింది. ప్రవాహం మందగించిందనడానికి అదే గుర్తు కావచ్చని చాలామంది శాస్త్రవేత్తలు టెన్షన్ పడుతున్నారు. మా వాట్సాప్ గ్రూపులో మాత్రం భూమి వేడెక్కడం అబద్ధమనడానికి అదే సాక్ష్యం. ఒకే మచ్చ ఇద్దరికి ఉపయోగపడటం అరుదు. ఇక ఐస్‌లాండ్ అయితే 2025లో ఈ ప్రవాహం కుప్పకూలే ముప్పును ఏకంగా జాతీయ భద్రత సమస్యగా ప్రకటించింది. వాళ్ల మాట వదిలేయండి. చచ్చిపోయిన హిమానీనదానికి 2019లో ప్రధానమంత్రి సమక్షంలో సంతాపసభ పెట్టిన జనం వాళ్లు.

‘అట్లాంటిక్‌లో ఏమైతే మనకేం’ అనేవాళ్ల కోసం ఒక్కమాట. సుమారు 12,900 ఏళ్ల కిందట ఆ ప్రవాహం బలహీనపడినప్పుడు ఆసియా రుతుపవనాలు కూడా నీరసపడ్డాయని గుహల్లోని సున్నపురాళ్ల పొరలు చెబుతున్నాయి. అనంతపురం రైతుకు వాన కోసం ఎదురుచూడటం ఎలాగూ అలవాటే, కొత్తగా నేర్చుకునే పని లేదు.

సముద్రమట్టం సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. గ్రీన్‌లాండ్ మంచు తన గురుత్వాకర్షణతో చుట్టూ ఉన్న నీటిని తనవైపు లాక్కుని ఉంటుంది. అది కరిగేకొద్దీ ఆ పట్టు సడలి, అక్కడి తీరంలో నీరు తగ్గుతుంది, దూరపు తీరాల్లో ఎక్కువ పెరుగుతుంది. బరువు తగ్గిన నేల కూడా పైకి లేస్తుంది. కాకినాడ దగ్గర ఉప్పాడను సముద్రం ఏళ్ల తరబడి కోస్తూనే ఉంది. దానికి స్థానిక కారణాలు చాలానే ఉన్నాయి, ఇది బోనస్. మంచు కరిగేది అక్కడ, ఇళ్లు పోయేది ఇక్కడ, కొత్త నేల తేలేది మళ్లీ అక్కడే. మనవాళ్లు గ్రీన్‌లాండ్‌లో ఇంకా వెంచర్ వేయలేదంటే నమ్మలేకపోతున్నాను. సీ వ్యూ, క్లియర్ టైటిల్, బ్యాంకు లోను సౌకర్యం కలదు. ఈస్ట్ ఫేసింగ్ ప్లాట్లు ముందే అయిపోతాయి కాబట్టి అడ్వాన్స్ ఇప్పుడే కట్టేయండి.