242 ఏళ్లకు క్రమబద్ధీకరణ

ఉద్యోగుల సమస్యలపై రాసేవారెవరూ ఇంతవరకు పట్టించుకోని ఒక కేసును ప్రస్తావించడం నా బాధ్యతగా భావిస్తున్నాను. బట్టతల గద్ద (బాల్డ్ ఈగిల్) 1782 జూన్ 20న అమెరికా అధికార ముద్రపై విధుల్లో చేరింది. ఒక కాలితో ఆలివ్ కొమ్మనూ, మరో కాలితో 13 బాణాలనూ, ముక్కుతో ఒక నినాదాన్నీ పట్టుకుని, ఒక్క పూట సెలవైనా పెట్టకుండా పనిచేసింది. దానిని జాతీయ పక్షిగా గుర్తిస్తూ చట్టం వచ్చింది మాత్రం 2024 డిసెంబరులో. ఇరవై ఏళ్లకే టెంటు వేసుకుని ధర్నాకు కూర్చునే మన కాంట్రాక్టు లెక్చరర్లు ఈ పక్షి ఓర్పును చూసి నేర్చుకోవాలని ఏ మంత్రిగారూ ఇంకా సెలవివ్వకపోవడం ఆశ్చర్యమే.

ఆలస్యానికి కారణం నడవడికపై వచ్చిన ఫిర్యాదేనని కొందరంటారు. ఈ పక్షి నిజాయితీగా బతకదనీ, దీనికంటే టర్కీ కోడి గౌరవనీయమైనదనీ అమెరికా వ్యవస్థాపకుల్లో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో తన కుమార్తెకు రాసిన మాట వాస్తవం. ఆరోపణ కూడా వాస్తవమే. ఆస్ప్రే అనే చిన్న గద్ద నీళ్లలోకి దూకి, చేపను పట్టి, తడిసిన రెక్కలతో బరువుగా పైకి లేస్తుంది. చెట్టు మీద అంతసేపూ చూస్తూ కూర్చున్న మన ఉద్యోగి అప్పుడు బయలుదేరి, దానిని తరిమి తరిమి, అది భయంతో వదిలేసిన చేపను నీళ్లలో పడేలోపే గాలిలో అందుకుంటుంది. గద్దలా తన్నుకుపోవడమని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఒకరి కష్టాన్ని మరొకరు తన్నుకుపోవడం అధికార ముద్రపై కూర్చోవడానికి అనర్హత ఎలా అవుతుందో ఫ్రాంక్లిన్ వివరించలేదు. నాకైతే అది ప్రధాన అర్హతగానే తోస్తోంది.

గొంతు విషయంలోనూ రాద్ధాంతం అనవసరం. దీని అసలు కూత సన్నని కిచకిచ కాబట్టి, సినిమాల్లో తరచుగా ఎర్రతోక డేగ అరుపును అతికిస్తారు. అరువు గొంతుతో అగ్రతారలైనవారిని నెత్తిన పెట్టుకున్న మనం ఈ డబ్బింగును తప్పుపట్టలేము.

సర్వీసు రిజిస్టరులో నన్ను కలచివేసిన పేజీ వేరే ఉంది. అలాస్కాలో ఈ పక్షి సాల్మన్ చేపలకు శత్రువని, 1917 నుంచి 1953 వరకు, దానిని చంపి జత కాళ్లు తెచ్చి చూపినవారికి ప్రభుత్వం బహుమతి ఇచ్చింది. మొదట్లో ఆ బహుమతి అర డాలరు. ఆనాటి అర డాలరు నాణెం వెనుక ముద్రించిన బొమ్మ కూడా ఈ గద్దదే. లక్షకు పైగా పక్షులు ఆ లెక్కలో పోయాయి. తరువాత డి.డి.టి. అనే పురుగుమందు పుణ్యమా అని గుడ్ల పెంకులు పలచబడి, 1963 నాటికి అలాస్కాను మినహాయిస్తే ప్రధాన భూభాగంలో 417 జంటలే మిగిలాయి. 1972లో ఆ మందును నిషేధించాక తేరుకుని, 2007లో అంతరించే జాబితా నుంచి బయటపడింది.

ఇప్పుడు దాని ఈక రాలినా ప్రభుత్వ ఆస్తే. గరుత్మంతుడి ఈక దొరికిందని మురిసిపోయి పూజగదిలో పెట్టుకునే అమెరికా తెలుగువారు జైలుకూ జరిమానాకూ సిద్ధపడాలి. అది చట్టబద్ధంగా దొరికే ప్రధాన దారి డెన్వర్ దగ్గరున్న ప్రభుత్వ భాండాగారం. అందులోనూ దరఖాస్తు పెట్టుకునే హక్కు అక్కడి ఆదివాసులకే ఉంది, వారైనా వరుసలో వేచి ఉండవలసిందే. ఇంతటి ఈకలు గల పక్షి అలాస్కాలోని డచ్ హార్బర్‌లో చేపల పడవల చుట్టూ, చెత్తడబ్బాల అంచుల మీద గుంపులుగా కూర్చుని ఉంటుంది. క్రమబద్ధీకరణ ఉత్తర్వు ప్రతిని అక్కడికెళ్లి దానికి ఎవరు అందజేశారో ఫైలులో నమోదు కాలేదు.