తుపాకీ దానంతట అదే పేలదు, ఫైల్ మాత్రం దానంతట అదే మూసుకుపోతోంది

గన్ పేలి మనుషులు ఆస్పత్రి పాలైతే, విచారణ చేయాల్సినవాళ్ళ నుంచి మళ్ళీ అదే స్టేట్‌మెంట్. గన్ క్లీన్ చేస్తుంటే పొరపాటున పేలింది, దురదృష్టం, ఎవరి తప్పూ లేదు. ఎవరు, ఎక్కడ అనే వివరాల జోలికి ఇక్కడ పోవడం లేదు. మాకు ఒళ్ళు మండింది ఆ స్టేట్‌మెంట్ వచ్చిన స్పీడ్ చూసి. గన్‌ని ల్యాబ్‌కి పంపకముందే, చాంబర్‌లో, అంటే పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గదిలో, తూటా ఎందుకుందని ఒక్కరైనా అడగకముందే, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళు నోరు తెరవకముందే పొరపాటు అని తేల్చేశారు, తేల్చేశాక ఇంక విచారణ దేనికి, కాయితాలు నింపుకోడానికి తప్ప.

అసలు క్లీన్ చేస్తుంటే పేలింది అంటే ఏం జరిగిందని అర్థం? క్లీనింగ్‌కి కూర్చునే ముందు చేయాల్సిన మొదటి పని గన్ ఖాళీ చేయడం. తూటాలు నింపి ఉంచే మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాత గన్ పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్ వెనక్కి లాగి చాంబర్‌లో తూటా ఉంటే బయటికి తీసేయాలి, కంటితో చూడాలి, వెలుతురు సరిగ్గా లేకపోతే వేలు పెట్టి తడిమి చూడాలి. నిమిషం కూడా పట్టని పని ఇది. మ్యాగజైన్ తీసేశాం కదా ఇంక ఖాళీయే అనుకునేవాళ్ళు బోలెడుమంది, కానీ చాంబర్‌లోకి ఎక్కేసిన తూటా మ్యాగజైన్‌తో పాటు బయటికి రాదు, అక్కడే ఉంటుంది, చాలా మోడల్స్‌లో మ్యాగజైన్ లేకపోయినా ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది కూడా. ఇంకొంతమంది వరస తిరగేస్తారు, ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తారు, అప్పుడు ఒక తూటా కింద పడుతుంది, ఆ ఖాళీలోకి మ్యాగజైన్ నుంచి ఇంకోటి ఎక్కేస్తుంది, కింద పడ్డ తూటాని చూసుకుని హమ్మయ్య అనుకుంటారు. గ్లాక్ పిస్టల్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే, దాని డిజైనే అంత, అంటే చాంబర్ చూడకుండా విప్పడం మొదలుపెట్టినవాడు నిండు గన్‌ని కాల్చినట్టే. ఈ వరసంతట్లో గన్ సొంతంగా చేసింది ఏంటో మాకైతే కనపడలేదు. మనిషి చేయాల్సింది చేయలేదు, అంతే కనపడింది.

పైగా ఇవేమీ రహస్యాలు కావు. జెఫ్ కూపర్ అనే మాజీ అమెరికన్ మెరీన్ ఆఫీసర్, 1976లో అరిజోనాలో షూటింగ్ స్కూల్ పెట్టినాయన, మొత్తం విషయాన్ని నాలుగు రూల్స్‌లో పెట్టాడు. ఏ గన్ అయినా లోడ్ అయ్యే ఉందనుకో, ఏది పోగొట్టుకోడానికి సిద్ధంగా లేవో దాని వైపు గొట్టం తిప్పకు, గురి పెట్టేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, కొట్టేది ఏంటో దాని వెనక ఏముందో తెలుసుకుని కొట్టు. వీటిల్లో ఒక్క రూల్ తప్పితే పెద్ద చప్పుడు, గోడకో సీలింగ్‌కో చిల్లు. మనిషి ఒంట్లోకి బుల్లెట్ దిగాలంటే మాత్రం చాలాసార్లు ఒకేసారి రెండో మూడో తప్పాలి, గన్ లోడ్ అయి ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీద ఉండాలి, గొట్టం ఎదుటి మనిషి వైపో సొంత కాలి వైపో ఉండాలి. ఇన్ని తప్పులు ఒకదాని మీద ఒకటి పడితే దానికి విధి అని పేరు పెట్టి దండేసి వదిలేస్తున్నాం మనం.

వేలు సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే ట్రైనింగ్ అయినవాళ్ళు కూడా ఇక్కడే దెబ్బతింటారు. మనిషి ఉలిక్కిపడినా, కాలు జారి తూలినా, ఒక చేత్తో దేన్నైనా గట్టిగా పట్టుకున్నా, రెండో చేతి వేళ్ళు కూడా వాటంతట అవే బిగుసుకుంటాయి. శరీరం తీరే అది, ఎంత ధైర్యవంతుడైనా ఆపలేడు. అందుకే వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట, గన్ పక్క భాగానికి ఆనించి నిటారుగా పెట్టమని నేర్పుతారు. హోల్‌స్టర్ లేకుండా నడుములో దోపుకోవద్దనేది కూడా ఇందుకే, జారుతుంటే పట్టుకోబోయి ట్రిగ్గర్‌నే పట్టుకుంటారు. 2008 నవంబర్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్ ప్లాక్సికో బరెస్ న్యూయార్క్ నైట్‌క్లబ్‌లో సరిగ్గా ఇలాగే తన తొడలో తానే కాల్చుకున్నాడు. దాని మీద రెండేళ్ళ జైలు పడింది, అదీ అక్కడ లైసెన్స్ లేని గన్ పెట్టుకున్నందుకు, కాల్పుల నిర్లక్ష్యానికి కాదు.

గన్‌లోనే లోపం ఉండొచ్చు కదా అంటారు కొందరు. ఉండొచ్చు, కాదనం. పాతకాలం సింగిల్ యాక్షన్ రివాల్వర్లలో, అంటే ప్రతిసారీ హ్యామర్‌ని చేత్తో వెనక్కి లాగి కాల్చేవాటిల్లో, తూటాని కొట్టి పేల్చే ఆ హ్యామర్ తూటా మీదే ఆని ఉంటుంది, కింద పడితే పేలే చాన్స్ నిజంగానే ఉంది, అందుకే వాటిల్లో ఆరు గదులకి ఐదే నింపి హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచే అలవాటు పుట్టింది, రూగర్ కంపెనీ 1973లో తన రివాల్వర్లలో ట్రాన్స్‌ఫర్ బార్, అంటే ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బని తూటాకి చేరవేసే పట్టీ, పెట్టి ఆ గొడవ తీర్చింది. సిగ్ సావర్ పీ320 పిస్టల్ కొన్ని యాంగిల్స్‌లో కింద పడితే పేలుతోందని తేలాక 2017లో కంపెనీ ఫ్రీగా పార్టులు మార్చే ప్రోగ్రాం పెట్టాల్సి వచ్చింది. 2024 అక్టోబర్‌లో నటుడు గోవింద కాలికి ఆయన సొంత రివాల్వర్ తూటా తగిలినప్పుడు కూడా చేతిలోంచి జారి పడి పేలిందనే చెప్పారు.

సరే, లోపం అంటున్నారు కదా, అయితే ఆ గన్‌ని ల్యాబ్‌లో పెట్టి టెస్ట్ చేయండి, రిపోర్ట్ బయట పెట్టండి, ఆ మోడల్ ఇంకెంతమంది నడుముకి వేలాడుతోందో లెక్క తీయండి. లోపం అనే మాట నిజంగా నమ్మేవాడు చేసే మొదటి పని అదే. అది చేయకుండా లోపం అనడమంటే ఇంకో రకం పొరపాటు స్టేట్‌మెంట్ ఇవ్వడమే. 2025 జులైలో అమెరికా వ్యోమింగ్‌లోని ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో ఒక సైనికుడు చనిపోతే ముందు అనుమానం గన్ మీదకే పోయింది, అదే పీ320 కుటుంబానికి చెందిన ఎం18 పిస్టల్, దాని వాడకాన్ని ఆ బేస్ ఏ ఎయిర్‌ఫోర్స్ విభాగం కిందికి వస్తుందో ఆ విభాగం మొత్తంలో ఆపేశారు. కొన్ని వారాల తర్వాత చూస్తే అబద్ధపు వాంగ్మూలం, నిర్లక్ష్యంతో మరణానికి కారణం అవ్వడం అనే అనుమానాల మీద తోటి సైనికుడినే అరెస్ట్ చేశారు. అక్కడ విచారణ ఆగలేదు కాబట్టి ఈ సంగతి తెలిసింది. మొదటి రోజు కథతోనే సరిపెట్టుకుని ఉంటే ఏ కాయితంలోనూ ఉండేది కాదు.

మా భయం అంతా ఇదే. ఇవాళ ఒకడి విషయంలో ఒప్పుకున్న స్టేట్‌మెంట్ రేపు ఇంకొకడికి రెడీమేడ్ జవాబు. నిజంగా నిర్లక్ష్యం చేసినవాడు వాడుకుంటాడు, కావాలని కాల్చినవాడు కూడా వాడుకుంటాడు, ఎందుకంటే క్లీనింగ్ అనగానే తర్వాత ప్రశ్న ఉండదని ఇద్దరికీ తెలుసు.

పెద్దవాళ్ళ విషయంలో అయితే ఇది ఇంకా ఘోరం. 2006 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లో పిట్టల వేటకి వెళ్ళిన అమెరికా వైస్ ప్రెసిడెంట్ డిక్ చెనీ తనతో వచ్చిన 78 ఏళ్ళ లాయర్ హ్యారీ విట్టింగ్టన్‌ని ముఖం మీద, మెడ మీద, ఛాతీ మీద కాల్చేశాడు. అక్కడి పోలీసులు, అంటే లోకల్ షెరిఫ్ మనుషులు, చెనీతో మాట్లాడింది మర్నాడు పొద్దున. తేల్చింది వేటలో ప్రమాదం అని, కేసు లేదు, వేట లైసెన్స్ మీద ఉండాల్సిన ఫీజు స్టాంప్ ఒకటి తక్కువైందని వార్నింగ్ మాత్రం ఇచ్చారు. కూపర్ చెప్పిన నాలుగో రూల్, కొట్టేదాని వెనక ఏముందో చూసుకో అనేది, పచ్చిగా తప్పిన కేసు అది, దానికి దక్కింది స్టాంప్ వార్నింగ్. దెబ్బ తిన్న పెద్దాయన ఆస్పత్రి నుంచి బయటికొచ్చి, చెనీకీ ఆయన ఫ్యామిలీకీ ఇంత కష్టం వచ్చినందుకు బాధపడుతున్నాం అన్నాడు. కాల్చినాయన నాలుగు రోజులు ఆగి ట్రిగ్గర్ నొక్కింది నేనే అని టీవీలో ఒప్పుకున్నాడు, ఆ మాత్రం ఒప్పుకోడమే గొప్ప అనిపించే రోజులు ఇవి.

2004లో ఫ్లోరిడాలో ఇంకో ముచ్చట. డ్రగ్స్ నిరోధక శాఖ ఏజెంట్ ఒకాయన పిల్లలకి గన్ సేఫ్టీ క్లాస్ చెబుతూ, ఈ రూంలో ఈ గన్ పట్టుకునేంత ప్రొఫెషనల్ నేనొక్కడినే అన్నట్టు మాట్లాడి, వెంటనే తన కాలికి తానే కాల్చుకున్నాడు, పిల్లలందరి ఎదుటే. ఆ తర్వాత ఆయన కోర్టుకెక్కింది దేనికో తెలుసా, ఆ వీడియో బయటికి లీక్ చేశారని. ఓడిపోయాడు లెండి. యూనిఫాం ఉంటే రూల్స్ చెప్పే హక్కు వస్తుంది గానీ రూల్స్ నుంచి మినహాయింపు రాదు, ఈ మాట మనం ఎన్నిసార్లు రాసినా చెవికెక్కదు.

సినిమా సెట్ల చరిత్ర చూడండి, వదిలేస్తే ఏమవుతుందో అర్థమవుతుంది. 1993లో నటుడు బ్రాండన్ లీ షూటింగ్‌లో చనిపోయాడు. డమ్మీ తూటా తాలూకు బుల్లెట్ గొట్టంలో ఇరుక్కుపోయింది, ఎవరూ చూడలేదు, తర్వాత అదే గన్‌లో బ్లాంక్, అంటే బుల్లెట్ లేకుండా చప్పుడు మాత్రమే చేసే తూటా, పెట్టి కాలిస్తే ఇరుక్కున్నది దూసుకొచ్చింది. గొట్టంలోకి ఒక్కసారి చూసి ఉంటే ఆయన బతికేవాడు. క్రిమినల్ కేసు ఎవరి మీదా పెట్టలేదు. 28 ఏళ్ళ తర్వాత, 2021 అక్టోబర్ 21న, న్యూ మెక్సికోలో రిహార్సల్ చేస్తుంటే నటుడు అలెక్ బాల్డ్విన్ చేతిలో రివాల్వర్ పేలి సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ చనిపోయింది, డైరెక్టర్‌కి కూడా గాయమైంది. సెట్‌లో ఉండకూడని నిజం తూటాలు ఉన్నాయి, గన్ కోల్డ్, అంటే నిజం తూటా లేదు, అని అరిచి చెప్పి చేతికిచ్చారు. ఈసారి మాత్రం ఆయుధాలు చూసుకునే ఆర్మరర్‌కి 2024లో 18 నెలల జైలు పడింది, అసిస్టెంట్ డైరెక్టర్‌కి ఆరు నెలల ప్రొబేషన్. బాల్డ్విన్ కేసు అదే ఏడాది జులైలో కొట్టేశారు, ప్రాసిక్యూషన్ ఆధారాలు దాచిందని. అంటే చివరికి జైలుకెళ్ళింది జాబితాలో అందరికన్నా చిన్న పేరు, 1993తో పోలిస్తే అది కూడా ప్రోగ్రెస్సే అనుకోవాలి కాబోలు.

శిక్షలు వేస్తే జనం నిజం దాచేస్తారు, విమాన ప్రమాదాల్లో లాగా తప్పు వెతక్కుండా కారణం వెతకాలి అని వాదించేవాళ్ళు ఉన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ విమాన ప్రమాదం జరిగితే నెలల తరబడి తవ్వి రిపోర్ట్ అందరి ముందూ పెడతారు, ఇక్కడ శిక్షా లేదు, రిపోర్టూ లేదు, రెండూ లేకుండా దేన్ని చూసి నేర్చుకోవాలి? బ్రిటిష్ ఆర్మీలో చేతిలో గన్ అనుకోకుండా పేలితే, ఎవరికీ గీత కూడా పడకపోయినా సరే, అది క్రమశిక్షణ కేసు. సైనిక క్యాంపుల్లో గేటు దగ్గర ఇసక నింపిన డ్రమ్ము పెట్టి, గొట్టం అందులోకి తిప్పి గన్ ఖాళీ చేశాకే లోపలికి రానిస్తారు. మనుషులు పొరపాటు చేస్తారని తెలుసు కాబట్టే ఆ డ్రమ్ము, పొరపాటుకి జవాబు చెప్పాలి కాబట్టే ఆ కేసు. రెండూ కలిసే ఉంటాయి, ఒకటి ఉంటే ఇంకోటి వద్దని ఎవరూ అనలేదు.

ఇంట్లో గన్ పెట్టుకునేవాళ్ళ సంగతికి వద్దాం, అక్కడ పిల్లల ప్రాణాలు కూడా పోతున్నాయి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2003 నుంచి 2021 వరకు రికార్డులు చూసి, అనుకోకుండా పేలిన గన్‌ల వల్ల 17 ఏళ్ళ వరకు వయసున్న పిల్లలు 1,262 మంది చనిపోయిన కేసులు పరిశీలించింది. గన్ ఎలా పెట్టారో తెలిసిన కేసుల్లో 74 శాతం లోడ్ చేసి పెట్టినవి, 76 శాతం తాళం లేనివి. ఎక్కువగా దొరికింది మంచం దగ్గర, పక్కన ఉండే టేబుల్ మీదో సొరుగులోనో. పిల్లాడికి దొరకదులే, ఎత్తులో పెట్టాం, వాడికి తెలీదు అనేది ప్రతి ఇంట్లో ఉండే నమ్మకం, వాడికి మీ సొరుగుల సంగతి మీకన్నా బాగా తెలుసు. పిల్లల వేలికి బలం చాలకపోతే రెండు బొటనవేళ్ళతో నొక్కుతారు, అప్పుడు గొట్టం ఎటు తిరిగి ఉంటుందో ఒకసారి ఊహించుకోండి, వాళ్ళ ముఖం వైపే. గన్ ఖాళీ చేసి తాళం వేసి ఒకచోట, తూటాలు తాళం వేసి ఇంకోచోట, తాళంచెవి పెద్దవాళ్ళ దగ్గర. ఇంతే. ఇది చేయని ఇంట్లో పిల్లాడు చనిపోతే ఆ తల్లిదండ్రుల దుఃఖం చూసి కేసు వద్దనిపిస్తుంది ఎవరికైనా, మాకూ అనిపిస్తుంది, కానీ అలా వదిలేసిన ప్రతి కేసూ పక్కింటి సొరుగులో లోడ్ చేసి ఉన్న గన్‌ని అలాగే ఉండనిస్తుంది.

ఇప్పుడు ఈ స్టేట్‌మెంట్ ఇచ్చిన పెద్దమనుషులకి నేరుగా. మ్యాగజైన్ ఎప్పుడు తీశారు? చాంబర్ ఎవరు చూశారు, ఎవరి ముందు చూశారు? గొట్టం అటు ఎందుకు తిరిగి ఉంది? వేలు ఎక్కడ ఉంది? గన్‌ని టెస్ట్‌కి ఏ రోజు పంపారు? ఈ మనిషి చివరిసారి ట్రైనింగ్ తీసుకుంది ఎప్పుడు, తీసుకోకపోతే గన్ చేతికి ఎవరిచ్చారు? వీటిలో ఒక్కదానికి కూడా మీ స్టేట్‌మెంట్‌లో జవాబు లేదు, మూడు లైన్ల కాయితంలో రెండు లైన్లు సానుభూతికే సరిపోయాయి. సానుభూతి చెప్పడానికి మీరు అక్కర్లేదు, చుట్టాలున్నారు. మీకు జీతం ఇచ్చేది ప్రశ్నలు అడగడానికి. అడగడం చేతకాకపోతే చేతకాలేదని ఒప్పుకుని ఫైల్ ఇంకొకరికి ఇచ్చేయండి, అంతేగానీ రాత్రికి రాత్రి పొరపాటు అని స్టాంప్ కొట్టి, వచ్చే నెల ఇంకో ఇంట్లో ఇలాగే జరిగితే మళ్ళీ మా ముందుకొచ్చి తల పట్టుకుని కూర్చోకండి.