అల్లూరి కథలోంచి అడవిని ఎవరు తీసేశారు?

ప్రతి ఏటా అల్లూరి జయంతి జులై 4కీ, వర్ధంతి మే 7కీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఇంచుమించు ఇలా ఉంటుంది: "అమాయక గిరిజనులను ఒంటిచేత్తో మేల్కొలిపి, విల్లంబులు పట్టి, దేశ స్వాతంత్ర్యం కోసం ప్రాణాలిచ్చిన మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు. విగ్రహం పెట్టి, జిల్లాకు పేరు పెట్టి ప్రభుత్వాలు ఆయన రుణం తీర్చుకున్నాయి." పంపేవాళ్లకి ఆయన మీద నిజంగానే గౌరవం ఉంది. నాకూ ఉంది, అందుకే ఇది చదివితే కడుపు మండుతుంది.

ముందు ఆ "ఒంటిచేత్తో మేల్కొలిపి". మన్యం ఎప్పుడు నిద్రపోయిందండీ? అల్లూరి పుట్టకముందే, 1879లో, కల్లు మీద వేసిన చిగురుపన్ను మీదా, ఆ ప్రాంతపు పెత్తందారైన మన్సబుదారు దోపిడీ మీదా రంప పితూరీ (తిరుగుబాటు) లేచింది. తర్వాత ఆయన వెంట నిలబడిన గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు ఎవరో చెబితే కదలిన అమాయకులు కాదు. గంటందొర అల్లూరి చనిపోయిన కొన్ని వారాలకే తూటాలకు బలయ్యాడు. మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ పేర్లు ఏ ఫార్వర్డ్‌లో కనిపించాయి?

విల్లంబుల సంగతి. విగ్రహాల్లో అవి అందంగానే ఉంటాయి గానీ, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇలా వరసగా మూడు పోలీస్ స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసం. ఏమేం పట్టుకెళ్తున్నారో స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడాయన.

ఇక అసలు మాట, "దేశ స్వాతంత్ర్యం కోసం". ఆయనకు స్వరాజ్యం కావాలి, కాదనను. కానీ గూడేల్లో జనం ప్రాణాలకు తెగించి ఎందుకు కదిలారో మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు (అడవి నరికి చేసే సాగు) కొట్టుకోవద్దంది, తాతల నాటి నుంచి తిరిగిన అడవిలో కట్టె ఏరుకున్నా నేరమైంది. పైగా గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండల్లో రోడ్డు పనికి జనాన్ని బలవంతంగా తోలి, కూలి కూడా సరిగా ఇవ్వలేదు. కోపం అక్కడ పుట్టింది. 1922 సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో మాటు వేసినప్పుడు ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల అధికారులను కాల్చారు. ఈ ఘట్టం చెప్పడం ప్రభుత్వాలకు ఇబ్బంది లేదు, ఎందుకంటే తెల్లవాళ్లు 1947లోనే వెళ్లిపోయారు. శత్రువు తెల్లదొర ఒక్కడే అయితే తగాదా తీరిపోయినట్టే కదా! అడవి చట్టం పేరెత్తితేనే చిక్కు, ఎందుకంటే అది మనవాళ్ల చేతికొచ్చింది. 1967లో మనం తెచ్చుకున్న ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలోనూ అడవిని సర్కారు తన గుప్పిట్లో పెట్టుకునే అదే రిజర్వ్ ఫారెస్ట్ పద్ధతి కొనసాగింది. అడవిబిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని పార్లమెంటు చట్టంలో రాసి ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది, అంటే కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చేసిన 82 ఏళ్లకి.

మరి తీరిన రుణం ఏది? 1986లో స్టాంపు వేశారు. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో జిల్లా వచ్చింది, అదే ఏడాది జులై 4న భీమవరంలో ప్రధాని 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. తప్పేం లేదు, మంచిదే. కానీ 2015 నవంబరులో ఏం జరిగిందో కూడా చెప్పండి. ఆయన తిరిగిన ఆ చింతపల్లి అడవుల్లోనే 1,212 హెక్టార్లను బాక్సైట్ తవ్వకాలకు ఇస్తూ 97వ నంబరు జీవో తెచ్చింది ప్రతి ఏటా ఆయనకు దండలు వేసే ప్రభుత్వమే. గిరిజనులు ఊరూరా అడ్డం తిరిగారు, పని ముందుకు సాగలేదు, చివరికి 2019లో ప్రభుత్వం మారాక ఆ జీవో రద్దయింది.