సర్పం అల్బేనియాకి వలస పోలేదు బాబాయ్!

పొద్దున్నే పళ్ళు కూడా తోముకోకముందే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో బాబాయ్ ఒక ఫార్వర్డ్ పడేశాడు. యూరప్‌లోని అల్బేనియాలో పాముని 'గ్యార్పర్' అంటారట. మన 'సర్పం' అక్కడికి పోయి, వాళ్ళకి నోరు తిరక్క అలా అయిందట. కింద 16 దండాలు, రెండు జెండాలు.

నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "పోలేదు బాబాయ్, ఇవి రెండూ అన్నదమ్ముల పిల్లలు" అన్నాను. పాకడం అనే అర్థంలో 'సెర్ప్' అని ఒక పాత ధాతువు. అందులోంచే సంస్కృతంలో సర్పం, సరీసృపం, లాటిన్‌లో సెర్పెన్స్. అల్బేనియన్‌లో మొదటి 'స' కాస్తా 'గ్య' అయి కూర్చుంది. ఈ ఒక్క మాటలోనే కాదు, నిద్రని వాళ్ళు 'గ్యూమ్' అంటారు, అది మన స్వప్నానికి చుట్టం. నమ్మకం కుదరలేదా? మన పాములో ఉన్న 'ప' పక్కింటి కన్నడంలో 'హ' అయి, 'హావు' అని కూర్చోలేదూ? అల్బేనియన్ కూడా సంస్కృతం, లాటిన్ ఉన్న ఇండో-యూరోపియన్ భాషల కుటుంబానిదేనని 1850లలోనే ఫ్రాంజ్ బాప్ అనే జర్మన్ భాషా పండితుడు తేల్చేశాడు. బాబాయ్‌కి ఇంకా కబురు అందినట్టు లేదు.

గ్రీకులో అయితే అదే 'స' పోయి 'హ' వచ్చింది. హెర్పిస్ అనే చర్మరోగం పేరు ఆ పాకడంలోంచే. "మరి ఆ జబ్బునీ మనమే పంపామా?" అన్నాను. పిన్నికి కోపం వచ్చింది.

అసలు గర్వపడాలంటే వేరేది ఉంది కదా! అల్బేనియా పల్లెల్లో ఇంటి పాముని చంపేవాళ్ళు కాదు, అది ఇంటికి అదృష్టమని. మనం పుట్టలో పాలు పోయడం లేదూ? అది ఎవడూ ఫార్వర్డ్ చెయ్యడు.

ఇంతకీ సర్పానికి ఇన్ని జెండాలు పెట్టినవాళ్ళు పాముకి ఒక్కటైనా పెట్టారా? పాము మన సొంత మాట. తమిళ పాంబు, కన్నడ హావు దాని తోబుట్టువులు. ఏడో తరగతిలో నాగులచవితి వ్యాసంలో 'పాము పుట్ట' అని రాస్తే మాస్టారు ఎర్రసిరాతో పాముని కొట్టేసి, పైన 'సర్పము' అని రాసి అర మార్కు కోశారు. "పాము పల్లెటూరి మాటరా" అన్నారు. మాది పల్లెటూరే సార్! మా నాయనమ్మ రాత్రిపూట పాము అనేది కాదు, పేరెత్తితే వస్తుందని 'పురుగు' అనేది. సర్పం అని ఉంటే ఏ భయమూ ఉండేది కాదు, పాముకి అర్థమైతే కదా!

ఆ అర మార్కుతోనే నాకు క్లాసు ఫస్టు పోయింది. మా బావకి వెళ్ళింది. ఇవాళ ఆ 16 దండాల్లో మొదటి దండం వాడిదే.