సంతకం అయ్యాక ప్రయాణం ఎవరి పూచీ?

ఆదోని యార్డులో కాటా అయ్యేదాకా సరుకు రైతుది, అయ్యాక కొన్నవాడిది. నడుమ వాన పడి బస్తాలు తడిస్తే తగాదా తీర్చేది తూకం చీటీ. ఫుట్‌బాల్ ఆటగాడు ఒక క్లబ్ నుంచి ఇంకో క్లబ్‌కు మారేటప్పుడు ఆ చీటీ ఏది? వేల్స్‌కు చెందిన కార్డిఫ్ సిటీకీ, ఫ్రాన్స్‌లోని నాంట్ క్లబ్‌కూ ఏళ్ల తరబడి నడిచిన వ్యాజ్యానికి ఈ ప్రశ్నే మూలం. ఎక్కడో యూరప్ గొడవ అని దాన్ని పక్కన పెట్టడానికి లేదు. అనంతపురం మైదానాల్లో ఎదిగిన పిల్లవాడు క్లబ్ పిలిచిందని బెంగళూరుకో గోవాకో రైలెక్కినప్పుడు, దారిలో ఏదైనా జరిగితే జవాబు చెప్పేదెవరో రాసిన కాగితం మన దగ్గర సాధారణంగా ఉండదు.

అర్జెంటీనా ఫార్వర్డ్ ఎమిలియానో సాలాను నాంట్ నుంచి కార్డిఫ్ 1 కోటి 70 లక్షల యూరోలకు కొన్నది. 2019 జనవరి 19న సంతకాలయ్యాయి. పాత సహచరులకు వీడ్కోలు చెప్పడానికి నాంట్ వెళ్లిన సాలా, 21వ తేదీ రాత్రి తిరిగి వస్తుండగా ఒంటి ఇంజిన్ చిన్న విమానం ఇంగ్లిష్ చానెల్‌లో కూలిపోయింది. ఆయన వయసు 28. ఆ పైలట్‌కు డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకునే లైసెన్సు లేదు, రాత్రిపూట నడిపే అర్హతా లేదు. ఇంజిన్ పొగగొట్టం వ్యవస్థ నుంచి కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరిందని బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగం 2020 మార్చిలో తేల్చింది. సాలా రక్తంలో ఆ విషవాయువుతో కలిసిపోయిన హిమోగ్లోబిన్ 58 శాతం. ఆ ప్రయాణాన్ని ఏర్పాటు చేసిన వ్యక్తికి 2021లో 18 నెలల జైలుశిక్ష పడింది.

మొదటి వాయిదా 60 లక్షల యూరోలు కట్టడానికి కార్డిఫ్ ఒప్పుకోలేదు. ఆటగాడి కాంట్రాక్టును ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్ ఆమోదించకుండా తిప్పి పంపింది కాబట్టి బదిలీ పూర్తే కాలేదన్నది దాని వాదన. కానీ రెండు క్లబ్‌ల మధ్య బదిలీ ఒప్పందం వేరు, ఆటగాడితో క్లబ్ చేసుకునే ఉద్యోగ కాంట్రాక్టు వేరు. బదిలీ ఒప్పందం అడిగినవి వైద్య పరీక్ష, వేల్స్ సమాఖ్యలో రిజిస్ట్రేషన్, అంతర్జాతీయ బదిలీ పత్రం విడుదల. ఈ పత్రాన్నే ఐటీసీ అంటారు. ప్రమాదానికి కొన్ని గంటల ముందే అది వెలువడింది. అందుకే 2019 సెప్టెంబరులో ఫిఫా, 2022 ఆగస్టులో లొజాన్‌లోని క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం నాంట్ పక్షానే తీర్పు చెప్పాయి. ధర విషయంలో ఆ తీర్పులు సరైనవేనని మా అభిప్రాయం. కాటా అయిపోయింది, చీటీ రాసేశారు.

అయితే ధరతో పాటు ఇంకో ప్రశ్న ఉంది. ఆ విమానం ఎవరు పెట్టారు? అమ్మకం కోసం నాంట్ తరఫున తిరిగిన ఏజెంటు వర్గమే ఏర్పాటు చేసింది కాబట్టి నాంటే బాధ్యత వహించాలని కార్డిఫ్ వాదించింది. ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడిపోయిన నష్టాన్నీ కలిపి 10 కోట్ల యూరోలకు పైగా కోరుతూ నాంట్ నగరంలోని వాణిజ్య కోర్టుకెక్కింది. ఒక ఆటగాడు బతికి ఉంటే జట్టు లీగ్‌లో నిలిచేదని లెక్కకట్టడం మాకు సమ్మతం కాదు. అయినా ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ఏజెంటు ఎవరి మనిషి? అమ్మే క్లబ్ మనిషైతే అతడి పొరపాటు ఆ క్లబ్‌దే. కొనే క్లబ్ టికెట్ పెడతానన్నా ఆటగాడే వద్దన్నాడా అన్నది ఇంకో లెక్క. ఇవేవీ బదిలీ కాగితంలో లేవు. లేకపోబట్టే ఒక మనిషి మరణం ఇన్నేళ్లు ఇన్ని కోర్టులు తిరిగింది.

మన దేశంలో చిక్కు ఇంకో రూపంలో వచ్చింది. ఢిల్లీ ఎఫ్‌సీ నుంచి నాలుగేళ్ల లోన్‌పై, అంటే అరువుగా, మోహన్ బగాన్‌లో ఉన్న ఆటగాడు అన్వర్ అలీ ఒప్పందం తెంచుకుని ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 2024 సెప్టెంబరులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్ల హోదా కమిటీ అతడిని నాలుగు నెలలు నిషేధించి, అతడూ ఈస్ట్ బెంగాల్, ఢిల్లీ ఎఫ్‌సీలూ కలిసి రూ. 12.90 కోట్లు కట్టాలంది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరగానే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని మళ్లీ వినాల్సి వచ్చింది. కొత్త క్లబ్‌ను కూడా ఉమ్మడిగా బాధ్యుణ్ని చేసే ఈ సూత్రం ఫిఫా నిబంధనల్లోని 17వ అధికరణంలోది. 2024 అక్టోబరు 4న ఫ్రాన్స్ మాజీ ఆటగాడు లసానా డియారా కేసులో యూరప్ న్యాయస్థానం దానిలో కొంత భాగం యూరప్ చట్టానికి విరుద్ధమంది. ఒప్పందం తెంచమని కొత్త క్లబ్ ప్రేరేపించిందని నిరూపించే భారం ఫిర్యాదుదారుదే అంటూ ఫిఫా ఆ డిసెంబరులో తాత్కాలిక మార్పు తెచ్చింది. ఫిఫా నిబంధనే కదిలిందంటే, మన అకాడమీల నోటిమాట ఒప్పందాలు నిలబడతాయా?

రాయలసీమలో పిల్లలను పంపేవారు ముందు వయసు చూడాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం 18 నిండనివారితో చేసుకున్న ఒప్పందం చెల్లదు. పిల్లవాడి సంతకం పక్కన తండ్రి వేలిముద్ర కూడా ఉందని నిశ్చింతగా ఉండకండి. ఒప్పందం తల్లిదండ్రుల పేరు మీదే, వాళ్లకు చదివి వినిపించి, వాళ్ల భాషలో రాయాలి. వైద్య పరీక్ష సంతకానికి ముందే జరగాలి. పరీక్షలో నెగ్గితేనే ఆటగాడి కాంట్రాక్టు చెల్లుతుందని షరతు పెట్టడం ఫిఫా 18వ అధికరణం ప్రకారం కుదరదు. సంతకం పెట్టించుకుని, మోకాలి ఎక్స్‌రే చూశాక వద్దనే క్లబ్‌ను ఆపేది ఈ నిబంధనే.

ప్రయాణం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అకాడమీ గేటు దాటిన గంట నుంచి కొత్త క్లబ్ గేటులో అడుగుపెట్టే గంటదాకా పూచీ ఎవరిదో, టికెట్ ఎవరు తీస్తారో, వెంట ఎవరు వెళ్తారో కాగితం మీద ఉండాలి. రైలైతే ఆన్‌లైన్‌లో ఈ-టికెట్ తీసి, ఐచ్ఛిక ప్రయాణ బీమా పెట్టెలో టిక్ పెట్టాలి. రూపాయిలోపు ప్రీమియానికి ప్రమాద మరణానికి 10 లక్షలు వస్తాయి. కౌంటర్ టికెట్టుకు, జనరల్ బోగీకి ఆ బీమా లేదు. మన పిల్లలు ఎక్కేది ఎక్కువగా జనరల్ బోగీయే. ఇక క్లబ్ బీమా విషయం. సాలా పేరు కార్డిఫ్ బీమాలో ఇంకా చేరనేలేదు, దాని మీద బ్రోకరుతో లండన్‌లో ఇంకో దావా నడిచింది. కాబట్టి 'క్లబ్ బీమా ఉంది' అన్న మాట చాలదు, పాలసీలో పిల్లవాడి పేరు ఏ తేదీ నుంచి చేరిందో కాపీ తెప్పించుకోవాలి.

రిజిస్ట్రేషన్‌ను చిన్న పనిగా చూసే అలవాటూ మానాలి. సమాఖ్య ఆన్‌లైన్ వ్యవస్థ సీఆర్‌ఎస్‌లో ఏయే సీజన్లలో పిల్లవాడు ఎవరి దగ్గర ఉన్నాడో నమోదైతేనే తర్వాత వాటా దక్కుతుంది. ఫిఫా సంఘీభావ లెక్కలో విదేశీ బదిలీ ధరలో 12 నుంచి 15 ఏళ్ల వయసు సీజన్లకు ఏటా 0.25 శాతం, 16 నుంచి 23 దాకా ఏటా 0.5 శాతం పెంచినవారికి రావాలి. 12 నుంచి 17 దాకా ఇక్కడే ఆడినవాడు ఎప్పుడైనా విదేశీ క్లబ్‌కు కోటి రూపాయలకు వెళ్తే, పెంచిన అకాడమీకి 2 లక్షలు. నమోదు లేకపోతే ఆరేళ్ల శ్రమకు సాక్ష్యం పాత ఫొటోలే.

అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల ఫుట్‌బాల్ సంఘాలు వచ్చే బదిలీ విండో, అంటే ఆటగాళ్లు క్లబ్ మారడానికి అనుమతించే గడువు, తెరుచుకునేలోపు ఒకే పేజీ నమూనా ఒప్పందాన్ని తెలుగులో తయారుచేసి ప్రతి అకాడమీకీ, ప్రతి పీఈటీకీ ఇవ్వాలని కోరుతున్నాం. అందులో తేదీ గడి పక్కనే గంట, నిమిషం రాయడానికి ఇంకో గడి పెట్టండి. పిల్లవాణ్ని ఎవరి చేతిలో పెట్టారో వారి సంతకం ఆ గడి కిందే ఉండాలి.